ఆ నట్టు జోలికి ఇప్పుడే పోవద్దు

కందుకూరు పొగాకు వేలం ప్లాట్‌ఫారానికి మా ట్రాక్టరు మీద బేళ్లు వేసుకుని పోతున్నాం. మా చెరువుకట్ట ఎక్కే చోట రోడ్డు కొంచెం లేస్తుంది. పెద్ద ఎత్తేమీ కాదు, సైకిళ్ల మీద పిల్లలు దిగకుండా ఎక్కేస్తారు. సరిగ్గా అక్కడ ఇంజను గొంతు పెంచింది, బండి మాత్రం నెమ్మదించింది. ఆక్సిలరేటర్ ఇంకాస్త లాగాను. శబ్దం పెరిగింది గానీ వేగం పెరగలేదు. అర నిమిషంలో కాళ్ల కింద నుంచి వాసన. వరి మళ్లు దమ్ము చేసే రోజుల్లో ఊళ్లో ఎవరో ఒకరి ట్రాక్టరు దగ్గర వచ్చే వాసనే, తెలియనిదేమీ కాదు. కాకపోతే ఇంజను తిరుగుడిని గేర్‌బాక్సుకి అందించే ఈ క్లచ్ ప్లేటు బిగించి అప్పటికి 11 రోజులే.

బిగించింది నేనే, మెకానిక్ భాయ్ పక్కన ఉండగా. పాడుచేసింది కూడా నేనే, భాయ్ పక్కన లేనప్పుడు. ఒక్క స్పానర్, రెండు చుట్లు, అంతే.

అందుకే చెప్తున్నా. పాత ట్రాక్టరు రీబిల్డ్ చేసుకుని, క్లచ్ సరిగా పడక, పెడల్ రాడ్ చివర ఉన్న ఆ అడ్జస్ట్‌మెంట్ నట్టు వైపు చూస్తున్నవాళ్లు ఎవరన్నా ఉంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ నట్టు తిప్పడాన్ని రిపేరు అనుకోబట్టే నాకు ఒక ప్లేటు, నాలుగు రోజుల కూలి, ఒక వేలం వారం పోయాయి. మా వైపు పది షెడ్లలో తొమ్మిదింట్లో క్లచ్ అనగానే మొదట చెయ్యి పోయేది దాని మీదకే. అన్నీ చూసుకున్నాక చివర్లో ముట్టుకోవాల్సింది అదే అని నా వాదన.

ముందు బండి గురించి చెప్పాలి. మా నాన్న 1986లో కొన్న మ్యాసీ ఫెర్గూసన్ 1035. దీని వంశం కొంచెం పెద్దదే. ఇంగ్లండులో కోవెంట్రీ దగ్గర బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో 1956లో ఫెర్గూసన్ 35 అని బూడిద, బంగారు రంగుల్లో ఒక బండి వచ్చింది. మరుసటి ఏడాది చివర్లో దానికే ఎర్ర రంగు వేసి మ్యాసీ ఫెర్గూసన్ 35 అన్నారు. మన దగ్గర 1960లో మద్రాసులో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ పెట్టాక ఆ వంశం ఇక్కడికి వచ్చింది. మా 1035 దానికి మనవడి లాంటిది. ఈ చరిత్ర ఎందుకంటే, 35 గురించి తెల్లవాళ్లు రాసిన పాత సర్వీసు పుస్తకాలు సులభంగా దొరుకుతాయి, చదివితే పద్ధతి బాగా అర్థమవుతుంది, కానీ అందులోని కొలతలు తెచ్చి మన బండికి పెట్టకూడదు. తాత చొక్కా మనవడికి పట్టాలని లేదు. కొలత ఏదైనా మీ మోడల్ పుస్తకంలోదే తీసుకోండి. నేను రాసే అంకెలు కూడా ఉజ్జాయింపు కొలతలే, వేదం కాదు.

నాన్న ఉన్నన్నాళ్లూ, అంటే బండి నడిపినన్నాళ్లూ (మనిషి ఉన్నాడు, మోకాళ్లే లేవు), ఆ క్లచ్‌కి ఏ రోగమూ రాలేదు. ఎవరన్నా పెడల్ మీద కాలు ఆనించి నడుపుతుంటే గట్టు మీద నుంచే అరిచేవాడు, "కాలు తియ్యరా, అదేమన్నా కాళ్లపీటా" అని. నాన్న దిగాక రెండేళ్లు కుర్రాళ్లు నడిపారు, ఆ తర్వాత బండి ఆరేళ్లు వేపచెట్టు కింద రేకుల పందిట్లో నిలబడింది. నేను ఒంగోలులో ఉద్యోగం, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరు రావడం, సోమవారం పొద్దున్నే పోవడం. మా ఊరు కందుకూరు పక్కన. 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మా నాన్న అయితే, మన ఊరే క్లచ్ ప్లేటు లాంటిదిరా, కాసేపు అటు అంటుకుంటుంది కాసేపు ఇటు, అంటాడు.

సరే, ఆరేళ్ల తర్వాత ఇంజను తిరిగింది. క్లచ్ తొక్కితే మాత్రం గేరు పడదు, కర్రుమంటుంది. నిలబడ్డ బండ్లలో ఇది మామూలే. ప్లేటు తుప్పుతో ఇంజను వెనక తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి, అంటుకుపోతుంది, పెడల్ తొక్కినా ఊడిరాదు. అందుకే చాలాకాలం నిలిపేటప్పుడు పెడల్‌ని కిందికి తొక్కి కొక్కెం వేసో, కర్ర అడ్డం పెట్టో ఉంచమంటారు. మేం పెట్టలేదు. కొందరు ఇంజను వేడెక్కించి, పై గేరులో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని, బ్రేకు వేసి ఊడగొడతారు. చేసేవాళ్లు చేస్తారు గానీ, ముందూ వెనకా మనిషి, గోడ, బర్రె ఏదీ లేని చోటే ఆ పని. మేం ఎలాగూ మొత్తం విప్పాలనే అనుకున్నాం కాబట్టి బండిని మధ్యకి విడదీశాం.

ఈ విడదీసే పని గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోతా. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య బోల్టులు తీస్తే ట్రాక్టరు నిజంగానే రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క ఒక్క పిన్ను మీద ఊగే ఇరుసు మీద నిలబడి ఉంటుంది, కాబట్టి ఇరుసుకీ దాని పైనున్న పోత ఇనుముకీ మధ్య రెండు వైపులా కొయ్య చీలలు కొట్టకపోతే ఇంజను పక్కకి వాలిపోతుంది. వాలితే కింద ఎవరున్నారన్నది అది చూసుకోదు. కొట్టండి, కొట్టాక ఇంకోసారి చూసుకోండి.

తెరిస్తే లోపల దమ్ము మడి. అక్షరాలా. క్లచ్‌ని కప్పి ఉండే ఇనప గుల్ల, అంటే బెల్ హౌసింగ్ అడుగున నల్లమట్టి అంగుళం మందాన గడ్డకట్టి ఉంది. కారణం వెతకక్కర్లేకుండానే దొరికింది. హౌసింగ్ అడుగున ఒక రంధ్రం ఉంటుంది. లోపలికి ఆయిలు కారినా నీళ్లు చేరినా బయటికి పోవడానికి. దమ్ము చేసేటప్పుడు మడి నీళ్లు అందులోంచి లోపలికి ఎక్కకుండా దానికి బిరడా పెట్టాలి, దమ్ము అయిపోగానే తీసేయాలి. నాన్నకి ఆ లెక్క తెలుసు. తర్వాత రెండేళ్లు బండి నడిపిన కుర్రాళ్లకి తెలియదు. మొదటి ఏడాది బిరడా పెట్టకుండా దమ్ము చేశారు, మట్టి నీళ్లు లోపలికి పోయాయి. రెండో ఏడాది ఎవరో చెప్తే పెట్టారు, ఇక తీయలేదు. లోపలున్నది లోపలే ఉండిపోయింది. రాళ్లపాడు ఆయకట్టు కింద వరి పెట్టేవాళ్ల బండ్లలో సగం క్లచ్‌లు ఇలాగే పోతాయని భాయ్ అంటాడు. సగమా కాదా నాకు తెలియదు, మాది మాత్రం అలాగే పోయింది.

ప్లేట్లు కొత్తవి, పెడల్ తొక్కినప్పుడు ముందుకి పోయి క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ కొత్తది, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న పైలట్ బేరింగ్ కొత్తది. ఆ చిన్నదాన్ని మార్చకుండా మూసేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. అది బిగుసుకుపోతే, ప్లేటు పూర్తిగా విడిపోయినా గేర్‌బాక్సు షాఫ్టు ఇంజనుతో పాటు తిరుగుతూనే ఉంటుంది. పైనుంచి చూస్తే క్లచ్ వదలనట్టే కనిపిస్తుంది. అప్పుడు మీరు రాడ్ తిప్పినా ఉపయోగం ఉండదు, రాహుకేతు పూజ చేయించినా ఉండదు. కొత్త ప్లేటుని పాత షాఫ్టు పళ్ల మీద చేత్తో జరిపి చూశాం, ఎక్కడా పట్టకుండా జారింది. పళ్లకి గ్రీజు వేలికి అంటీ అంటనంత రాశాం. ఎక్కువ రాస్తే అది తిరుగుడికి ఎగిరి ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగ్ మీదే పడుతుంది. పాత దుమ్ముని గాలి కొట్టి ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము పీల్చకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని మూసేశాం. రాడ్ దగ్గర పెడల్‌కి అంగుళం ఫ్రీ ప్లే, అంటే ఉత్త ఆట, పెట్టాం. స్టార్ట్ చేసి తొక్కితే ముందు గేర్లు పర్వాలేదు, రివర్సు మాత్రం కర్రుమంటుంది. అంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. భాయ్ "కొత్త ప్లేటు, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది అబ్బాయ్" అని వెళ్లిపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున్నే స్పానర్ తీసుకుని రాడ్ చివరి ఆ నట్టుని రెండు చుట్లు బిగించాను. ఏం చెప్పమంటారు, వెన్నలా పడింది రివర్సు! నాన్నని పిలిచి చూపించాను కూడా. ఆయన మంచం మీద నుంచే, "పెడల్ చేత్తో ఆడించి చూశావా?" అన్నాడు. చూశాను. ఆట దాదాపు లేదు. "అయినా బాగానే పడుతుందిగా" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. ఆ తర్వాతి శనివారం వచ్చి బేళ్లు ఎక్కించి, ఆదివారం ఖాళీ రోడ్డున పోయి ప్లాట్‌ఫారం దగ్గర దింపుదామనుకుని, చెరువుకట్ట దగ్గర ఆ వాసన పీల్చాను.

ఇక్కడ జరిగింది అర్థం కావాలంటే ఫ్రీ ప్లే అనేదాన్ని సరిగ్గా పట్టుకోవాలి, ఎందుకంటే దీని విషయంలో చాలామంది బుర్రల్లో లెక్క తలకిందులుగా ఉంటుంది. నా బుర్రలోనూ అలాగే ఉండేది. పెడల్ తొక్కితే మొదట కొంత దూరం బరువు లేకుండా ఉత్తినే దిగుతుంది కదా, అదే ఫ్రీ ప్లే. లోపల ఆ ఖాళీ రిలీజ్ బేరింగ్‌కీ, క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఫింగర్లకీ (దాన్ని వెనక్కి లాగే మూడు చిన్న మీటలు) మధ్య ఉంటుంది. బండి పాతబడే కొద్దీ అన్నీ వదులవుతాయి కాబట్టి ఇదీ పెరుగుతుందని అనుకుంటాం. కానీ లైనింగ్ అరిగే కొద్దీ ఇది తగ్గుతుంది. లైనింగ్ పల్చబడితే స్ప్రింగులు ప్రెషర్ ప్లేటుని ఇంకాస్త ఫ్లైవీల్ వైపు నెడతాయి. ఫింగర్లు ఏతాం దూలం లాగా మధ్యలో పిన్ను మీద తిరిగేవి, ఒక కొస ముందుకి పోతే రెండో కొస వెనక్కి, అంటే బేరింగ్ వైపుకి వస్తుంది. ఖాళీ మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోయిన రోజు మీరు కాలు పెట్టకపోయినా ఎవరో ఎప్పుడూ కొంచెం క్లచ్ తొక్కి పట్టుకున్నట్టే. ప్లేటు జారుతుంది, వేడెక్కుతుంది, కాలుతుంది. బేరింగ్ కూడా రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండి అరిగిపోతుంది.

ఎంత అరిగితే ఎంత తగ్గుతుంది? ఉజ్జాయింపు లెక్క వేసుకోండి. పెడల్ 10 మిల్లీమీటర్లు కదిలితే బేరింగ్ 1 కదులుతుందనుకుందాం. ఫింగరు కొస 4, 5 మిల్లీమీటర్లు కదిలితే ప్లేటు 1 కదులుతుందనుకుందాం. అప్పుడు లైనింగ్ అర మిల్లీమీటరు అరిగితే ఫింగరు కొస దగ్గర రెండు, రెండున్నర పోతుంది, పెడల్ దగ్గర 20 నుంచి 25 మిల్లీమీటర్లు పోతుంది. అంటే మీరు పెట్టిన అంగుళం మొత్తం, బొటనవేలి గోరు మందం అరుగుదలకి మాయం. కొత్త ప్లేటు మొదటి కొన్ని గంటల పనిలో ముఖం సర్దుకుంటూ కొంచెం అరుగుతుంది, కాబట్టి రీబిల్డ్ తర్వాత పది, ఇరవై గంటలకి ఒకసారి ఫ్రీ ప్లే చూసుకోవడం తప్పనిసరి. ఆ చూసుకోవడంలో నట్టు తిప్పాల్సి వస్తే తిప్పండి. నేను వద్దంటున్నది ఆ తిప్పుడు గురించి కాదు. గేరు పడలేదని తిప్పేది ఉందే, దాని గురించి.

నేను చేసింది అదే. క్లచ్ ఎందుకు వదలడం లేదో తెలుసుకోకుండా, ఉన్న ఖాళీని తినేసి వదిలేట్టు చేశాను. ఆ అంగుళం అప్పు తెచ్చి వడ్డీ కట్టినట్టు. గేరు పడింది, ప్లేటు పోయింది.

మరి అసలు రోగం ఎక్కడుంది? భాయ్ వచ్చాడు. ముందు కోపంగా చూశాడు, తర్వాత నాకే సుద్దముక్క తెమ్మన్నాడు. మా బడిలో లెక్కల సారు కూడా అంతే, తిట్టే ముందు సుద్దముక్క తెప్పించేవాడు. పెడల్ నుంచి వచ్చే రాడ్డు ఒక లివర్‌ని లాగుతుంది, ఆ లివరు ఒక అడ్డషాఫ్టుకి బిగించి ఉంటుంది, ఆ షాఫ్టు హౌసింగ్ లోపలికి పోతుంది, లోపల దాని మీద ఫోర్కు, ఫోర్కు బేరింగ్‌ని నెడుతుంది. భాయ్ లివరు మీద నుంచి షాఫ్టు కొస మీదకి అడ్డంగా ఒక్క గీత గీశాడు. నన్ను పెడల్ చేత్తో నొక్కమన్నాడు. గీత గీతలాగే ఉంది. "ఇప్పుడు కాలితో తొక్కు, కసిగా" అన్నాడు. తొక్కాను. గీత రెండు ముక్కలైంది. లివరు తిరిగింది, షాఫ్టు అంత తిరగలేదు.

లివర్‌ని షాఫ్టుకి పట్టించే చిన్న ఇనప ముక్క, కీ అంటారు, అది సగం కోసుకుపోయి ఉంది. చేత్తో ఆడించినప్పుడు బరువు ఉండదు కాబట్టి అంతా సరిగ్గా కనిపిస్తుంది, అంగుళం ఫ్రీ ప్లే అంగుళంలాగే వస్తుంది. కాలితో తొక్కి స్ప్రింగుల బరువు మీద పడగానే లివరు షాఫ్టు మీద జారుతుంది. పెడల్ అడుగుకి పోతుంది, బేరింగ్ మాత్రం సగం దూరంలోనే ఆగిపోతుంది. ఆ కీ ధర చెప్తే నవ్వుతారు. ఆ రోజు పొద్దున్న నేను స్పానర్ బదులు సుద్దముక్క పట్టుకుని ఉంటే పది నిమిషాల పని, బండి విప్పక్కర్లేదు కూడా.

అందుకని నా పద్ధతి ఇప్పుడు ఇలా ఉంది. క్లచ్‌కి వచ్చే జబ్బులు రెండే, పట్టకపోవడం, వదలకపోవడం. ఏదన్నది ముందు తేల్చుకుంటా. పట్టకపోవడాన్ని తేల్చాలంటే ఖాళీ జాగాలో బ్రేకులు లాక్ చేసి, పై గేరులో పెట్టి, ఇంజను మధ్యరకం స్పీడులో ఉంచి క్లచ్ మెల్లగా వదులుతా. ఇంజను గొంతు పట్టినట్టయి ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే పరీక్షే ప్లేటుని కాల్చేస్తుంది. వదలకపోవడానికి పరీక్ష, పెడల్ పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు ఆగి అప్పుడు రివర్సు వేయడం. ఆగకుండా వెంటనే వేస్తే మంచి క్లచ్ కూడా కర్రుమంటుంది, ఎందుకంటే లోపల షాఫ్టు ఇంకా తిరుగుతూ ఉంటుంది. ఈ ఆగే సంగతి తెలియక మంచి క్లచ్‌కి వైద్యం చేసినవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు, పేర్లు చెప్పను, ఇద్దరూ మా బంధువులే.

తేల్చుకున్నాక పెడల్ నుంచి లోపలికి నడుచుకుంటూ పోతా. పిన్నులు, పిన్నులు తిరిగే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా, అడ్డషాఫ్టు బుష్‌లు ఊగుతున్నాయా, సుద్దగీత నిలబడిందా. ఇవన్నీ బాగున్నాకే లోపలి సంగతి. లోపలంటే బండి విప్పాలి, కాబట్టి ఎవరికీ ఇష్టం ఉండదు, అక్కడే అందరికీ మళ్లీ ఆ నట్టు ముద్దొస్తుంది.

శబ్దం కూడా వినాలి. పెడల్ కొంచెం ఆనించగానే గీ అని అరుపు మొదలైతే రిలీజ్ బేరింగ్. పూర్తిగా తొక్కి, బండి గేరులో ఉన్నప్పుడే వస్తే పైలట్ బేరింగ్ మీద అనుమానం, ఎందుకంటే క్లచ్ విడిపోయి ఇంజను ఒక వేగం, షాఫ్టు ఒక వేగంలో ఉన్నప్పుడే దానికి పని.

రెండోసారి విప్పినప్పుడు, ఎలాగూ విప్పాం కదా అని ఫింగర్ల ఎత్తు కొలిచాం. మొదటిసారి కొలవలేదు. భాయ్ బొటనవేలితో మూడింటినీ తాకి "సమానమే" అన్నాడు, నేను నమ్మాను. వెర్నియర్ పెడితే ఒక ఫింగరు మిగతా రెంటికంటే ఒకటిన్నర మిల్లీమీటరు కిందికి ఉంది. బేరింగ్ ముందు రెండు ఫింగర్లని తాకుతుంది, మూడోది ఆలస్యంగా అందుతుంది, ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది, ఒక పక్క విడిపోయి ఒక పక్క రాసుకుంటూ ఉంటుంది. ఇది రాడ్ తిప్పితే పోయేదా? పోదు. రాడ్ మూడింటినీ కలిపే నెడుతుంది. కొత్త ప్రెషర్ ప్లేటు పెట్టెలోంచి తీసి పెట్టాం కదా, ఫ్యాక్టరీలోనే సెట్ చేసి ఉంటారు కదా అని భాయ్ వాదన. ఉండొచ్చు. పెట్టె దారిలో ఎన్నిసార్లు కిందపడిందో మనకి తెలుసా? కొలవడానికి పట్టేది పావుగంట. ఈ విషయంలో మేమిద్దరం ఇప్పటికీ కలవలేదు.

ఇంక ఈ మ్యాసీల్లో రెండు ప్లేట్ల క్లచ్ ఉన్నవాళ్లకి ఇంకో తికమక ఉంది. మాదీ అదే. ఒక ప్లేటు గేర్‌బాక్సుకి, ఇంకొకటి పీటీఓకి, అంటే వెనక తగిలించిన పనిముట్లని తిప్పే షాఫ్టుకి. పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే అదీ ఆగుతుంది. ఈ బండ్లలో హైడ్రాలిక్ పంపు కూడా పీటీఓ షాఫ్టు మీదే నడుస్తుంది. ఒక్క ప్లేటు ఉన్న బండిలో క్లచ్ తొక్కగానే పంపు ఆగిపోయి గొర్రు లేవదు. గట్టు దగ్గర బండి ఆపి గొర్రు లేపాలంటే రెండు ప్లేట్లది ఎంత సుఖమో దమ్ము చేసినవాళ్లకి తెలుసు.

దీనికి రెండో దశ ఎక్కడ మొదలవ్వాలన్నది రాడ్ దగ్గర తేలదు. ప్రెషర్ ప్లేటు మీద చుట్టూ మూడు బోల్టులు ఉంటాయి, వాటి దగ్గర సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజీ పెట్టి ఒక ఖాళీ ఉంచాలి. 35 వంశంలో అది 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. హౌసింగ్‌కి ఉన్న చిన్న మూత తీసి, ఇంజను చేత్తో తిప్పుకుంటూ ఒక్కొక్క బోల్టూ మూత దగ్గరికి తెచ్చుకుని సెట్ చేసుకోవచ్చు. ఖాళీ ఎక్కువైతే పెడల్ అడుగుకి పోయినా పీటీఓ ఆగదు. తక్కువైతే సగం తొక్కేటప్పటికే పీటీఓ వదిలేయడం మొదలుపెడుతుంది, గొర్రు మధ్యలో నిలబడిపోతుంది. అసలు లేకపోతే పీటీఓ ప్లేటు పని మీద జారుతుంది, రోటవేటర్ వేసినప్పుడు తెలుస్తుంది. గేర్లు చక్కగా పడుతున్నాయి, పీటీఓ ఒక్కటే ఆగట్లేదు అంటే రోగం ఈ మూడు బోల్టుల దగ్గర వెతకాలి. మావాళ్లు మాత్రం అప్పుడూ రాడ్డే తిప్పుతారు. పీటీఓ ఆగుతుంది, నిజమే. గేర్‌బాక్సు ప్లేటు ఖాళీ పోతుంది. పక్కింటి గోడ కూల్చి మన వాకిలి వెడల్పు చేసుకున్నట్టు.

భాయ్ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నేను ఇదంతా ఆయన ముందు ఒక ఉపన్యాసం లాగా చెప్తే ఆయన టీ తాగుతూ విన్నాడు. విని, "నువ్వు శనివారం వచ్చి సోమవారం పోయేవాడివి. మడిలో నీళ్లు పెట్టుకుని, కూలోళ్లని పిలుచుకుని, నారు పీకేసి కూర్చున్నోడు బండి తెచ్చి గేరు పడట్లేదంటే నేనేం చెయ్యాల? సుద్దగీత గియ్యనా? రెండు చుట్లు తిప్పి పంపిస్తా. వాడి దమ్ము అయిపోద్ది. తర్వాత ప్లేటు మారుస్తాడు" అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మడిలో నీళ్లు వారం ఆగవు, ప్లేటు పోయినా పంట నిలబడితే అదే లాభమని రైతు లెక్క వేసుకుంటే ఆ లెక్క తప్పు కాదు. కానీ ఆ రెండు చుట్లు తిప్పిన మనిషి "ఇది రిపేరు కాదు, దమ్ము అవగానే తీసుకురా" అని ఒక్క మాట చెప్పి పంపాలి కదా. చెప్పరు. రైతు క్లచ్ బాగైందనుకుని అదే బండికి ట్రక్కు తగిలించి ఇసుక తోలతాడు. పైగా నేను మాట్లాడుతున్నది రీబిల్డ్ గురించి. రీబిల్డ్ చేసేవాడికి తొందర ఏముంది? ఆరేళ్లు చెట్టు కింద నిలబడ్డ బండి ఇంకో ఆదివారం నిలబడలేదా?

ఆ మాటకి భాయ్ నవ్వి, "నీకు తొందర లేకపోతే ఆ రోజు స్పానర్ ఎందుకు పట్టుకున్నావబ్బాయ్?" అన్నాడు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

ఇప్పుడు బండి తిరుగుతోంది. కొత్త కీ, కొత్త పిన్నులు, రెండో కొత్త ప్లేటు. ఫ్రీ ప్లే అంగుళం పెట్టి, నట్టు మీదా రాడ్ మీదా కలిపి పసుపు పెయింటుతో ఒక గీత గీశాను. ఎవరన్నా కదిపితే తెలిసిపోతుంది, నేను కదిపినా తెలిసిపోతుంది. ఇరవై గంటల పని తర్వాత చూస్తే ముప్పావు అంగుళం అయింది, అర చుట్టు వదులు చేసి కొత్త గీత గీశాను. తర్వాత నాలుగు నెలలు గీత కదల్లేదు. రివర్సు ఐదు లెక్కపెట్టి వేస్తే చప్పుడు లేకుండా పడుతుంది. నాన్న మాత్రం నేను నడుపుతుంటే ఇప్పటికీ నా ఎడమకాలి వైపే చూస్తాడు.

ఇంక ఆ బిరడా సంగతి. దానికి రంధ్రం వేయించి, చిన్న గొలుసుతో తాళంచెవికి తగిలించాను. దమ్ము రోజుల్లో బిరడా బండి కింద ఉంటుంది, గొలుసు ఉత్తినే వేలాడుతుంది. దమ్ము అయ్యాక తాళంచెవితో పాటు జేబులో ఉంటుంది. మొన్న ఒంగోలు బస్సులో చిల్లర తీస్తుంటే బయటికి వచ్చింది, కండక్టరు అదేంటన్నా అని అడిగాడు.